మెమరీకి కావలి ఎవరు?

మీరు కంప్యూటరులో పాట వింటున్నారనుకోండి. అదే సమయంలో నెట్‌వర్కు ద్వారా ఒక పెద్ద ఫైలు దిగుతోంది. ఇంకో కిటికీలో మీరు వ్యాసం టైపు చేస్తున్నారు. ఈ పనులన్నిటికీ కావలసిన బైట్లను ప్రాసెసరే ఒక్కొక్కటిగా మోసుకుపోతున్నదని మీరు భావిస్తే అది పొరపాటు. సౌండు చిప్పు తనకు కావలసిన పాట ముక్కను మెమరీ నుంచి తానే తీసుకుంటుంది. నెట్‌వర్కు కార్డు వచ్చిన సమాచారాన్ని తానే తెచ్చి మెమరీలో పెడుతుంది. ప్రాసెసరుకు ఈ సంగతి పని పూర్తయిన తర్వాతే తెలుస్తుంది.

ఇది ఎంతో సౌకర్యం. కాని ఒక్క క్షణం ఆలోచించండి. మీరు ఇప్పుడే టైపు చేసిన పాస్‌వర్డు కూడా ఆ మెమరీలోనే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామూ అక్కడే ఉంది. నెట్‌వర్కు కార్డు తనకు కేటాయించిన చోటనే రాస్తుందని, పక్క చోటులో వేలు పెట్టదని హామీ ఏమిటి?

ఈ బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగమైన కెర్నెల్‌ది. ఒకప్పుడు మన గ్రామాల్లో కరణం చేసిన పనిని గుర్తుకు తెచ్చుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. ఏ సర్వే నంబరు భూమి ఎవరి పేరున ఉందో కరణం లెక్కల్లో ఉండేది. మెమరీయే భూమి. ప్రతి బైటుకూ ఉండే చిరునామా సర్వే నంబరు. ఆ లెక్క రాసుకునే కరణం కెర్నెల్. లెక్క తప్పితే ఊళ్ళో తగాదా వచ్చినట్లే, ఇక్కడ కంప్యూటరు ఆగిపోతుంది. ఒక్కొక్కసారి అంతకంటే పెద్ద నష్టమే జరుగుతుంది. ఈ లెక్క ఎలా మొదలైందో, ఎక్కడెక్కడ తప్పిందో తెలుసుకుందాం.

ప్రాసెసరే కూలీ అయిన రోజులు

1963 లో కాన్పూరు ఐఐటీకి ఐబిఎం 1620 అనే కంప్యూటరు వచ్చింది. మన దేశంలో ఎందరో విద్యార్థులు ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నది ఇలాంటి యంత్రాల మీదనే. దాని మెమరీని ఒకసారి చదవడానికి 20 మైక్రోసెకన్లు పట్టేది. దానికి తగిలించిన టైపురైటరు సెకనుకు 10 అక్షరాలు ముద్రించేది.

ఇప్పుడు చిన్న లెక్క వేయండి. ఒక అక్షరం ముద్రించడానికి సెకనులో పదో వంతు, అంటే లక్ష మైక్రోసెకన్లు. ఆ కాలంలో మెమరీని 5,000 సార్లు చదవవచ్చు. కాని ముద్రణ ఆదేశం నడుస్తున్నంతసేపూ ప్రాసెసరు మరో పని చేయలేదు. లక్షల రూపాయల యంత్రం టైపురైటరు ముందు చేతులు కట్టుకొని నిలబడేది!

ఇందులో ఒక సుగుణం కూడా ఉంది. మెమరీని ముట్టుకునేది ఒక్క ప్రాసెసరే. కనుక తగాదాకు తావు లేదు. వేగం కోసం ఈ ఏర్పాటును వదులుకున్న రోజునే కాపలా సమస్య పుట్టింది.

పెద్ద యంత్రాల్లో ఆ మార్పు అప్పటికే మొదలైంది. 1958 లో వాడుకలోకి వచ్చిన ఐబిఎం 709 లో ‘ఛానెల్’ అనే ప్రత్యేక విభాగం ఉండేది. ఫలానా చిరునామా నుంచి ఇన్ని పదాలు టేపు మీదకు పంపమని ప్రాసెసరు ఛానెల్‌కు చెప్పి తన లెక్కల్లో తాను మునిగిపోయేది. పని అయిందని ఛానెల్ తర్వాత కబురు చేసేది. ఇలా పరికరాలు ప్రాసెసరు ప్రమేయం లేకుండా మెమరీని నేరుగా వాడుకునే పద్ధతికే తరువాతి కాలంలో ‘డైరెక్ట్ మెమరీ యాక్సెస్’, క్లుప్తంగా డీఎంఏ, అనే పేరు స్థిరపడింది. యజమాని పనివాడికి గాదె తాళం చెవి ఇచ్చినట్లన్న మాట.

కదిలే పేజీలతో కొత్త చిక్కు

1962 డిసెంబరు 7 న ఇంగ్లండులోని మాంచెస్టరులో అట్లాస్ కంప్యూటరు ప్రారంభమైంది. టామ్ కిల్‌బర్న్ నాయకత్వంలో తయారైన ఈ యంత్రం ఒక కొత్త ఆలోచనను లోకానికి పరిచయం చేసింది. దానిలో ఖరీదైన కోర్ మెమరీ 16,384 పదాలే. తిరిగే డ్రమ్ముల మీద మరో 98,304 పదాలు పట్టేవి. ఈ రెండూ కలిసి ఒకే పెద్ద మెమరీ అన్నట్లు ప్రోగ్రాము రాసేవారికి కనిపించేవి. మెమరీని 512 పదాల పేజీలుగా విభజించి, అవసరమైన పేజీని డ్రమ్ము నుంచి కోర్‌లోకి తెచ్చే పని యంత్రమే చూసుకునేది. ఈనాడు మనం ‘వర్చువల్ మెమరీ’ అంటున్నది దీన్నే.

చిక్కు ఎక్కడ వచ్చిందో గమనించండి. డ్రమ్ము నుంచి ఒక పేజీ కోర్‌లోకి వస్తూ ఉంది. సగమే వచ్చింది. ఆ క్షణంలో ప్రోగ్రాము ఆ పేజీని చదివితే? సగం కొత్తది, సగం పాతది చదువుతుంది. అందుకని అట్లాస్ రూపకర్తలు ప్రతి కోర్ పేజీకి ఉండే రిజిస్టరులో ఒక ‘తాళం’ బిట్టును చేర్చారు. పరికరం పేజీతో పని చేస్తున్నంతసేపూ ఆ బిట్టు వేసి ఉంటుంది. ప్రోగ్రాము ఆ పేజీ జోలికి పోతే యంత్రం అడ్డుకుంటుంది.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. పరికరం ఒక పేజీలోకి రాస్తూ ఉండగా కెర్నెల్ ఆ పేజీని ఖాళీ చేసి మరో ప్రోగ్రాముకు ఇచ్చిందనుకోండి. పాపం, పరికరానికి ఈ సంగతి తెలియదు. తనకిచ్చిన సర్వే నంబరు పట్టుకొని రాసుకుంటూ పోతుంది. నష్టపోయేది కొత్త యజమాని. కనుక పరికరం పని ముగిసేదాకా ఆ పేజీని కదపరాదు. ఈనాటి కెర్నెళ్ళలోనూ ఈ నియమం ఉంది. పేజీని ‘పిన్’ చేయడం, అంటే మేకు కొట్టి ఉంచడం అని దీన్ని పిలుస్తారు.

పరికరానికీ ఒక తాళం చెవి

1964 ఏప్రిల్‌లో ఐబిఎం ప్రకటించిన సిస్టమ్/360 కుటుంబం మరో అడుగు ముందుకు వేసింది. అందులోని రక్షణ ఏర్పాటు ప్రకారం మెమరీని 2,048 బైట్ల దిమ్మెలుగా విడగొట్టి, ఒక్కొక్క దిమ్మెకు 4 బిట్ల తాళం వేశారు. ప్రతి ప్రోగ్రాముకు ఒక చెవి ఉంటుంది. చెవి, తాళం సరిపోతేనే ఆ దిమ్మెలో రాయవచ్చు. సున్నా సంఖ్య గల చెవి మాత్రం అన్ని తాళాలకూ పడుతుంది. అది కెర్నెల్ స్థాయి ప్రోగ్రాము చేతిలో ఉంటుంది.

ఇందులో ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ చెవి నియమం ప్రోగ్రాములకే కాక ఛానెళ్ళకూ వర్తించింది. ఛానెల్‌కు పని అప్పగించేటప్పుడే దాని చెవి సంఖ్యను కూడా రాసి ఇచ్చేవారు. పరికరం పొరపాటున పక్క దిమ్మెలో రాయబోతే యంత్రం ఆపేది. 1973 లో మద్రాసు ఐఐటీకి వచ్చిన ఐబిఎం 370/155 ఈ వంశానికి చెందినదే. పరికరాలను కూడా అనుమానించాలన్న సూత్రం ఇంత పాతదని గుర్తుంచుకోండి. తరువాత వచ్చిన చిన్న యంత్రాలు దీన్ని మరచిపోయాయి.

పరికరమే మెమరీలా కనిపిస్తే?

ఇంతవరకు పరికరం మెమరీలోకి రావడం గురించి మాట్లాడుకున్నాం. కెర్నెల్ పరికరంతో మాట్లాడేది ఎలా? 1970 లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ విడుదల చేసిన పీడీపీ-11 దీనికి చక్కని జవాబు చెప్పింది. మెమరీ, పరికరాలు అన్నీ ‘యూనిబస్’ అనే ఒకే తీగల వరుసకు తగిలించి ఉంటాయి. చిరునామాల్లో పైచివరి 8 కిలోబైట్లను పరికరాల రిజిస్టర్లకు కేటాయించారు.

అష్టాంశ పద్ధతిలో 177566 అనే చిరునామాలో ఒక అక్షరం రాస్తే అది మెమరీలో దాగదు. టెలిటైపు మీద అచ్చవుతుంది! టెలిటైపు సిద్ధంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే 177564 చిరునామాలోని ఒక బిట్టును చదవాలి. పరికరాల కోసం ప్రత్యేక ఆదేశాలేవీ అక్కరలేదు. 1971 నాటికి యూనిక్స్ ఈ యంత్రం మీదనే పెరిగింది.

చూడడానికి మెమరీలా ఉన్నా ఇది మెమరీ కాదని కెర్నెల్ ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. మామూలు మెమరీని పదిసార్లు చదివినా అదే విలువ వస్తుంది. పరికరం రిజిస్టరును ఒకసారి చదివితేనే అందులోని అక్షరం ఖర్చయిపోవచ్చు. అక్కడ ఒక సంఖ్య రాయడమంటే మోటారు తిప్పమని ఆజ్ఞ ఇవ్వడం కావచ్చు. అందుకే ఈ చిరునామాల విలువలను క్యాషెలో దాచుకోకూడదు. రాతల క్రమం మార్చకూడదు. పొరపాటున కూడా అక్కడ రాయకూడదు. ఈ చివరి మాటను మళ్ళీ తలచుకోవలసి వస్తుంది.

1975 లో వచ్చిన పీడీపీ-11/70 లో మరో సమస్య ఎదురైంది. దాని మెమరీ చిరునామా 22 బిట్లు, అంటే 4 మెగాబైట్ల దాకా. యూనిబస్ పరికరాలకు తెలిసింది మాత్రం 18 బిట్లే, అంటే 256 కిలోబైట్లు. మిగతా మెమరీ వాటికి అందదు. పరిష్కారంగా బస్సుకు, మెమరీకి నడుమ ‘యూనిబస్ మ్యాప్’ అనే అనువాదకుణ్ణి నిలబెట్టారు. పరికరం చెప్పిన చిన్న చిరునామాను అది పెద్ద చిరునామాగా మార్చేది. ఆ పట్టికను నింపేది కెర్నెల్. ప్రోగ్రాముల చిరునామాలను అనువదించినట్లే పరికరాల చిరునామాలనూ అనువదించవచ్చునన్న ఈ ఆలోచన ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎంతో పెద్ద పాత్ర వహించింది.

పీసీ యుగం: నమ్మకమే రక్షణ

1981 ఆగస్టులో ఐబిఎం పర్సనల్ కంప్యూటరు విడుదలైంది. ధర తగ్గించడం కోసం అందులో 8237 అనే చిన్న డీఎంఏ చిప్పును పెట్టారు. దానికి నాలుగు ఛానెళ్ళు. చిరునామా లెక్కపెట్టే దాని రిజిస్టర్లు 16 బిట్లవి. అందువల్ల అది 64 కిలోబైట్ల హద్దు దాటలేదు. హద్దు మధ్యలో వస్తే ముందుకు పోవడానికి బదులు అదే దిమ్మె మొదటికి తిరిగి వచ్చి అక్కడ ఉన్నదాన్ని చెరిపేస్తుంది. ఫ్లాపీ డిస్కు ప్రోగ్రాములు రాసినవారు ఈ హద్దును ఎప్పుడూ లెక్కలో ఉంచుకోవలసి వచ్చేది.

1984 నాటి పీసీ/ఏటీ లో ఈ డీఎంఏ 24 బిట్ల దాకా, అంటే 16 మెగాబైట్ల దాకా చేరింది. తరువాత మెమరీ పెరిగినా పాత కార్డులకు అందేది ఆ మొదటి 16 మెగాబైట్లే. 1991 లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ ఈ తొలి భాగాన్ని విడిగా చూసుకోవలసి వచ్చింది. ‘డీఎంఏ జోన్’ అన్న ఆ పేరు ఈనాటి లినక్స్ మూలపాఠంలోనూ కనిపిస్తుంది.

పరికరానికి అందనంత పైన సమాచారం ఉంటే? కెర్నెల్ కింది భాగంలో ఒక తాత్కాలిక స్థలం తీసుకొని, పరికరం చేత అక్కడ రాయించి, తర్వాత తానే పైకి నకలు చేస్తుంది. దీన్ని ‘బౌన్స్ బఫర్’ అంటారు. పెద్ద లారీ రాలేని సందుకు మొగలో సరుకు దింపి, అక్కడి నుంచి తోపుడు బండి మీద తీసుకుపోవడం లాంటిది. పని జరుగుతుంది కాని, రెండుసార్లు మోయాలి. 1992 లో వచ్చిన పీసీఐ బస్సులో చాలా కార్డులు 32 బిట్ల చిరునామాలే వాడాయి. 2003 తర్వాత 64 బిట్ల పీసీలు 4 గిగాబైట్లు దాటి ఎదిగినప్పుడు ఇదే కథ పునరావృతమైంది.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పీసీఐ కార్డు తనకు అందే మెమరీ అంతటిలో ఎక్కడైనా చదవగలదు, రాయగలదు. 1964 నాటి తాళం చెవి ఇక్కడ లేదు. కార్డు మంచిదనీ, దాన్ని నడిపించే డ్రైవరు ప్రోగ్రాములో తప్పు లేదనీ నమ్మడమే రక్షణ.

2008: మూగబోయిన నెట్‌వర్కు చిప్పులు

2008 సెప్టెంబరులో లినక్స్ 2.6.27 ప్రయోగాత్మక రూపాలను పరీక్షిస్తున్నవారికి ఒక వింత ఎదురైంది. ఇంటెల్ తయారీ నెట్‌వర్కు చిప్పులు కొన్ని ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. కంప్యూటరును ఆపి మళ్ళీ పెట్టినా, పాత కెర్నెల్‌కు వెనక్కి వెళ్ళినా లాభం లేదు. చిప్పు తన సొంత వివరాలను దాచుకునే శాశ్వత మెమరీయే చెడిపోయింది. సాఫ్ట్‌వేరు తప్పు ఒకటి హార్డ్‌వేరును దెబ్బతీసింది!

అనుమానం సహజంగానే ఆ చిప్పును నడిపించే ‘ఇ1000ఇ’ డ్రైవరు మీదకు పోయింది. అసలు కారణం దానికి సంబంధం లేని చోట దొరికింది. కెర్నెల్‌లో ఏ ఫంక్షను ఎప్పుడు నడుస్తున్నదో గమనించే ‘ఎఫ్‌ట్రేస్’ అనే సాధనం కొత్తగా చేరింది. అది ఫంక్షన్ల చిరునామాలను రాసుకొని, తర్వాత ఆయా చోట్ల చిన్న మార్పులు చేసేది. అయితే కొన్ని ఫంక్షన్లు ప్రారంభ సమయంలో మాత్రమే పనికివస్తాయి. పని ముగియగానే వాటి స్థలాన్ని కెర్నెల్ ఖాళీ చేస్తుంది. ఎఫ్‌ట్రేస్ పట్టికలో మాత్రం ఆ పాత చిరునామా అలాగే ఉండిపోయింది. ఖాళీ అయిన ఆ చిరునామానే కెర్నెల్ మరొకరికి ఇచ్చింది. అది నెట్‌వర్కు చిప్పు శాశ్వత మెమరీకి దారి తీసే చిరునామా.

ఎఫ్‌ట్రేస్ జాగ్రత్త తీసుకోలేదనడానికీ లేదు. అక్కడ తాను ఊహించిన పాత విలువ ఉంటేనే మార్చమని ‘పోల్చి మార్చు’ ఆదేశాన్ని వాడింది. మామూలు మెమరీలో ఇది క్షేమమే. కాని విలువలు సరిపోలకపోయినా ఆ ఆదేశం ఉన్న విలువనే తిరిగి రాస్తుంది. మెమరీకి దానివల్ల తేడా లేదు. పరికరానికి మాత్రం రాత అంటే ఆజ్ఞ. పీడీపీ-11 దగ్గర చెప్పుకున్న హెచ్చరిక మీకు గుర్తుందా? పాత పట్టా కాగితం పట్టుకొని వచ్చి, ఇప్పుడు వేరొకరిదైన చేనును దున్నిన కథ ఇది.

ఆ అక్టోబరులో ఇ1000ఇ డ్రైవరు ఆ శాశ్వత మెమరీకి రాత పడకుండా అడ్డుకట్ట వేసుకుంది. 2.6.27.1 లో ఎఫ్‌ట్రేస్‌లోని ఆ భాగాన్ని ఆపివేశారు. తర్వాతి విడుదలలో దాన్ని వేరే పద్ధతిలో తిరిగి రాశారు. కొత్త భూమిని పంచేటప్పుడే కాదు, పాత హక్కును రద్దు చేసేటప్పుడు కూడా లెక్క సరిగా ఉండాలన్నది ఇందులోని నీతి.

గుమ్మంలో అపరిచితుడు

పై ఉదాహరణలో ఎవరికీ దురుద్దేశం లేదు. ఉంటే ఏమవుతుంది? ఫైర్‌వైరు అనే బయటి తీగకు తగిలించిన పరికరాలకు కూడా కంప్యూటరు మెమరీని నేరుగా చదివే వీలుండేది. 2004 లో మాక్సిమిలియన్ డార్న్‌సైఫ్ అనే జర్మన్ పరిశోధకుడు ఐపాడ్‌ను ఇలా తగిలించి కంప్యూటరు మెమరీని చదవవచ్చునని, మార్చవచ్చునని ప్రదర్శించి చూపాడు. పాస్‌వర్డు అడిగే తెర ఎంత గట్టిదైనా ఏం లాభం? ఇంటి వీధి తలుపుకు తాళం వేసి పెరటి గోడ పడగొట్టినట్లే.

దీనికి జవాబుగా వచ్చింది పాత యూనిబస్ మ్యాప్ ఆలోచనే. 2006 లో ఇంటెల్, ఏఎండీ సంస్థలు పీసీల కోసం ‘ఐఓఎమ్ఎమ్‌యూ’ అనే విభాగం వివరాలను ప్రకటించాయి. ఇది పరికరానికి, మెమరీకి నడుమ నిలుస్తుంది. ప్రతి పరికరానికీ ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో లేని చిరునామాను పరికరం అడిగితే అనుమతి దొరకదు. పాత 32 బిట్ల కార్డుకు బౌన్స్ బఫరు లేకుండానే పైనున్న మెమరీని అందించగలగడం దీనివల్ల కలిగిన మరో లాభం.

ఇప్పుడు డ్రైవరు పని తీరు ఇలా ఉంటుంది. మొదట తన పరికరం ఎన్ని బిట్ల చిరునామా అందుకోగలదో కెర్నెల్‌కు చెబుతుంది. తర్వాత ఫలానా బఫరును పరికరానికి చూపమని అడుగుతుంది. దీన్ని ‘మ్యాప్’ చేయడం అంటారు. కెర్నెల్ పట్టికలో పద్దు రాసి, పరికరానికి చెప్పవలసిన చిరునామా ఇస్తుంది. పని ముగిశాక ‘అన్‌మ్యాప్’ చేయాలి. అప్పుడు ఆ పద్దు కొట్టివేయబడుతుంది.

సమస్య దీనితో పూర్తిగా తీరిపోయిందా? లేదు. పట్టిక లెక్క పేజీల్లో సాగుతుంది. సాధారణంగా పేజీ 4,096 బైట్లు. మామూలు ఈథర్‌నెట్ పొట్లంలో సమాచారం 1,500 బైట్లకు మించదు. పేజీలో మిగిలిన చోట కెర్నెల్ మరేదైనా దాచుకుంటే అదీ పరికరానికి కనిపిస్తుంది. 2019 లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు ‘థండర్‌క్లాప్’ పేరుతో ప్రకటించిన పరిశోధన, ఐఓఎమ్ఎమ్‌యూ ఉన్న యంత్రాలను కూడా ఇటువంటి సందుల గుండా వంచించవచ్చునని చూపింది. పైగా కొట్టివేసిన పద్దును పరికరం వైపు నుంచి వెంటనే చెరపడానికి సమయం పడుతుంది. వేగం కోసం కెర్నెళ్ళు ఇలాంటి పద్దులను పోగుచేసి, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత ఒకేసారి చెరిపే పద్ధతి కూడా ఉంది. ఆ కొద్ది వ్యవధిలో పాత పట్టా ఇంకా చెల్లుతూనే ఉంటుంది. లినక్స్‌లో వెంటనే చెరిపే కఠిన పద్ధతినీ, ఆగి చెరిపే వేగవంతమైన పద్ధతినీ ఎంచుకునే వీలు ఉంది. ఎంచుకోవలసింది మనమే.

మీరే చూడండి

అరవై ఏళ్ళ ఈ కథలో ఒక విషయం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. వేగం కోసం ప్రతిసారీ ఎవరో ఒకరికి తాళం చెవి ఇచ్చాం. ఆ చెవిని ఎప్పుడు, ఎంతవరకు వాడాలి, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అన్న లెక్కను మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాం. అట్లాస్ తాళం బిట్టు, సిస్టమ్/360 చెవి, యూనిబస్ మ్యాప్ అన్నీ ముందే ఉన్నా, చవక యంత్రాలు వచ్చినప్పుడు అదే పాఠాన్ని మొదటి నుంచి చదువుకోవలసి వచ్చింది.

మీకు లినక్స్ ఉన్న కంప్యూటరు అందుబాటులో ఉంటే, ‘ప్రోక్’ డైరెక్టరీలోని ‘ఐఓమెమ్’ అనే ఫైలును నిర్వాహకుడి అనుమతితో తెరచి చూడండి. ఏ చిరునామా నుంచి ఏ చిరునామా దాకా మామూలు మెమరీ ఉందో, ఎక్కడ పీసీఐ పరికరాలు ఉన్నాయో వరుసగా కనిపిస్తుంది. అది కరణం గారి అడంగల్ పుస్తకమే. అనుమతి లేకుండా తెరిస్తే చిరునామాలన్నీ సున్నాలుగా కనిపిస్తాయి. అది కూడా ఒక కాపలాయే! ఆ పట్టికలో మీ నెట్‌వర్కు కార్డు ఎక్కడ ఉందో వెదకండి. తర్వాత ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించండి: ఆ చిరునామాలో ఒక ప్రోగ్రాము పొరపాటున ఒక్క బైటు రాస్తే, మామూలు మెమరీలో రాసినదానికంటే అది ఎందుకు ప్రమాదకరం? జవాబు చెప్పగలిగితే, 2008 లో నిపుణులను తికమక పెట్టిన చిక్కు మీకు అర్థమైనట్లే.